పండ్ల తోటకు ఎరువు ఎంత, ఎప్పుడు, ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

తోట ఉన్నవాళ్లు ఎరువుల విషయంలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మామిడి, అరటి, జామ, బొప్పాయి, నిమ్మజాతి, అవకాడో, ఏ తోటైనా అంకెలు మారతాయి గానీ లెక్క వేసే పద్ధతి ఒకటే. అందుకే ఇక్కడ మోతాదుల పట్టిక ఇవ్వడం లేదు. చెట్టుకు ఇన్ని గ్రాములని ముందే చెప్పేసే పట్టిక మీ నేలను చూడలేదు కదా.

సుస్థిరంగా ఎరువులు వాడటం అంటే రసాయన ఎరువులు మానేయడమేనా?

మానేయక్కర్లేదు. పండు తోట దాటి వెళ్లిన ప్రతిసారీ దాంతోపాటు కొంత నత్రజని, కొంత పొటాష్, కాస్త భాస్వరం వెళ్లిపోతాయి. అవి ఏదో ఒక రూపంలో తిరిగి రావాలి. వేరు పీల్చుకునే నత్రజని చాలావరకు నైట్రేటు, అమ్మోనియం రూపాల్లోనే ఉంటుంది. అది పేడలోంచి వచ్చిందా, బస్తాలోంచి వచ్చిందా అన్నది వేరుకు పట్టదు. నేలకు మాత్రం పడుతుంది. బస్తా ఎరువు ఒక్కటే ఏళ్ల తరబడి వేస్తే నేలలో సేంద్రియ పదార్థం తిరిగి చేరదు.

మామూలు మాటల్లో చెప్పాలంటే మూడు పనులు: పండుతో పోయినదాన్ని తిరిగి ఇవ్వడం, నీళ్లలోకీ గాల్లోకీ కారిపోయేదాన్ని ఆపడం, నేల ఏటికేడాది బక్కచిక్కకుండా చూసుకోవడం. బస్తా ఎరువును వృథా చేస్తే పోయేది మన డబ్బు ఒక్కటే కాదు. ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపిన పద్ధతే 1913 నుంచి ఫ్యాక్టరీల్లో, బస్తా నత్రజనికి మూలమైన అమ్మోనియాను తయారుచేస్తోంది. దానికి ఎక్కువగా సహజవాయువు కావాలి. భాస్వరం, పొటాష్ అయితే గనుల్లోంచి తవ్వి తీసేవే. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి.

వేడి ప్రాంతాల తోటలకు వేరే లెక్క ఎందుకు?

రెండు కారణాలు: వేడి, వాన. వేడికి సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసి సేంద్రియ పదార్థాన్ని త్వరగా తినేస్తాయి. చల్లటి దేశాల్లో కొన్నేళ్లు ఉండే కంపోస్టు ఇక్కడ ఒకటి రెండు సీజన్లలో మాయమవుతుంది. వాన గట్టిగా కురిస్తే నైట్రేటు నీళ్లతోపాటు వేర్ల కిందకి జారిపోతుంది. పైగా బాగా పాతబడిన ఎర్ర నేలల్లో పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ, భాస్వరాన్ని బిగించేసే ఇనుము, అల్యూమినియం ఎక్కువ. అందుకే ఒకేసారి కుమ్మరించడం ఇక్కడ అసలు పనికిరాదు.

నా చెట్టుకు అసలు ఎంత కావాలి?

పండు నుంచి వెనక్కి లెక్క వేద్దాం. మామిడి గుజ్జు 100 గ్రాముల్లో పొటాషియం దాదాపు 170 మిల్లీగ్రాములు, ప్రొటీన్ 0.8 గ్రాములు ఉంటాయి. ప్రొటీన్‌లో సుమారు ఆరో వంతు నత్రజని. అంటే 100 కిలోల కాయ కాసిన చెట్టు నుంచి దాదాపు 130 గ్రాముల నత్రజని, 170 గ్రాముల పొటాషియం, 15 గ్రాముల లోపు భాస్వరం బయటికి వెళ్లినట్టు. తొక్క, టెంక కలిపితే కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు బస్తా వైపు నుంచి చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. 130 గ్రాములంటే 280 గ్రాముల యూరియా. బస్తా మీద పొటాష్ అంకె ఆక్సైడు రూపంలో ఉంటుంది కాబట్టి దాన్ని 0.83తో, భాస్వరం అంకెను 0.44తో గుణిస్తే అసలు మూలకం ఎంతో తెలుస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మీద 60 అని ఉంటే అందులో పొటాషియం 50 శాతమే. 170 గ్రాములకు 340 గ్రాముల మ్యూరేట్ సరిపోతుంది.

అలాగని 280 గ్రాముల యూరియాతో సరిపెట్టమని చెప్పడం లేదు. చెట్టు కొత్త కొమ్మలు, ఆకులు, వేర్లు కూడా కట్టుకోవాలి. వేసినదాంట్లో కొంత ఎలాగూ పోతుంది. రెట్టింపు వేసినా అర్థం ఉంది. అదే చెట్టుకు ఏటా రెండు కిలోల యూరియా పడుతోందనుకోండి, అందులో 920 గ్రాముల నత్రజని ఉంది. మిగతాది ఎటు పోతోందని అడగాల్సిన సమయం వచ్చినట్టే.

అరటికి ఈ లెక్క పూర్తిగా వేరు. గుజ్జులోనే 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. తొక్క, గెల కాడ కూడా బాగానే పట్టుకుపోతాయి. గెల కోశాక మిగిలిన బోదెను, ఆకులను ముక్కలు చేసి అక్కడే పరిస్తే పొటాష్‌లో పెద్ద భాగం తోటలోనే ఉంటుంది. బోదెలు గట్టు అవతల పారేసి, మళ్లీ పొటాష్ బస్తాలు మోసుకొచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

భూసార పరీక్షకు మట్టి ఎలా తీయాలి?

రిపోర్టు తప్పులు చాలావరకు ల్యాబులో జరగవు, మట్టి తీసిన చోటే జరుగుతాయి. గట్టు పక్కన, పెంటకుప్ప వేసిన చోట, ఈమధ్యే ఎరువు వేసిన పాదులో తీయొద్దు. చెట్టు గొడుగు అంచు కింద, పైన ఉన్న ఆకూ అలమూ పక్కకు నెట్టి, పలుగుతో 'వి' ఆకారంలో 30 సెంటీమీటర్ల లోతు తవ్వి, ఒక గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలుచని పొర గీసుకోవాలి. ఇలా పది పదిహేను చెట్ల దగ్గర తీసి శుభ్రమైన గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. 30 నుంచి 60 సెంటీమీటర్ల పొరను విడిగా ఇంకో సంచిలో తీసుకోండి. చెట్టు వేరు పై పొరతో ఆగదు. నేల రంగు, ఏటవాలు మారిన చోట నమూనా కూడా వేరే ఉండాలి.

మట్టి పరీక్ష ఉంటే ఆకు పరీక్ష ఎందుకు?

నేలలో ఉన్నంత మాత్రాన చెట్టుకు అందినట్టు కాదు. ఆకు చెప్పేది అందినది ఎంతని. అయితే ఏ ఆకు తీశారన్నదే ముఖ్యం. మామిడిలో 4 నుంచి 7 నెలల వయసున్న ఆకులు, కొమ్మ మధ్య భాగం నుంచి. బొప్పాయిలో మొవ్వు నుంచి ఆరో ఆకు కాడ. అరటిలో పై నుంచి మూడో ఆకు. జామలో కొత్తగా ముదిరిన మూడో జత. ఒక్కో నమూనాకు కనీసం 20 చెట్ల నుంచి, నాలుగు వైపుల నుంచీ తీయాలి. సూక్ష్మపోషకాల మందు కొట్టిన వెంటనే తీస్తే ఆకు మీద అంటుకున్న జింకునే ల్యాబు లెక్కపెడుతుంది.

ఆకులు పసుపెక్కాయి. యూరియా వేయనా?

ముందు ఏ ఆకులు పసుపెక్కాయో చూడండి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం చెట్టులో కదులుతాయి. కొరత వస్తే చెట్టు వాటిని ముదురు ఆకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి ముందు కింది ఆకులే చెబుతాయి. ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని, అంచులు మాడితే పొటాష్, ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం అనుకోవచ్చు. ఇనుము, జింకు, బోరాన్, సున్నం (కాల్షియం) అంతగా కదలవు, వాటి కొరత లేత ఆకుల్లో బయటపడుతుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోయిన చిగురు ఇనుముది. ఆకులు చిన్నగా, సన్నగా, గుత్తిలా వస్తే జింకుది. గంధకం కొరత చూడటానికి నత్రజనిలాగే ఉంటుంది గానీ లేత ఆకుల్లో మొదలవుతుంది.

ఇంత తెలిసీ నేనొకసారి బోల్తా పడ్డాను. వానలు వెలిశాక జామ చెట్లు కొన్ని పాలిపోయాయి. నత్రజని కడుక్కుపోయి ఉంటుందని యూరియా వేశాను. రెండు వారాల్లో ఇంకా వడలిపోయాయి. అప్పుడు పార తీసుకుని తవ్వితే, రెండడుగుల కింద నీళ్లు నిలబడి ఉన్నాయి. వేరు పట్టుకుని లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల నల్లగా, కుళ్లిన వాసన. ఊపిరాడని వేరుకు తిండి పెట్టి ఏం లాభం? కాలువ తీశాక మిగిలిన చెట్లు వాటంతటవే పచ్చబడ్డాయి. అప్పటినుంచి పసుపు కనిపిస్తే ముందు పార, తర్వాతే బస్తా.

ఎరువు చెట్టు మొదట్లో వేయొచ్చా?

వేయొద్దు. పెద్ద చెట్టు మొదట్లో ఉండేవి లావు వేర్లు. అవి చెట్టును నిలబెడతాయి గానీ పెద్దగా తినవు. తినే పీచు వేర్లు మొదలుకు దూరంగా, గొడుగు అంచు వరకు, ఎక్కువగా పై 30 సెంటీమీటర్లలో ఉంటాయి. ఆ వలయంలో చల్లి, పైపైన మట్టిలో కలిపి నీరు పెట్టాలి. లోతుగా గాడి తవ్వితే అదే పీచు వేర్లు తెగుతాయి. డ్రిప్ ఉన్న తోటలో వేర్లు తడి ఉన్నచోటే గుమిగూడతాయి కాబట్టి ఎరువు కూడా అక్కడే పడాలి. పొడి నేల మీద చల్లిన గుళికలు వాన వచ్చేదాకా చూస్తూ కూర్చుంటాయి.

కొత్తగా నాటిన అంటుకు మరీ జాగ్రత్త. గుంతలో వేరుకు తగిలేలా బస్తా ఎరువు వేస్తే ఉప్పు దెబ్బకు లేత వేరు మాడుతుంది. మొదటి ఏడాది చిటికెడు చిటికెడుగా చాలాసార్లు వేయడమే మంచిది.

ఎప్పుడు వేయాలి?

చెట్టు అడిగినప్పుడు. అది చెట్టుకో రకంగా అడుగుతుంది.

మామిడిలో కోత అయ్యాక వచ్చే చిగురే వచ్చే కాపును మోసే కొమ్మ. కత్తిరింపు చేసి, నత్రజనిలో ఎక్కువ భాగం అప్పుడే ఇవ్వాలి. పూతకు ముందు చెట్టుకు విశ్రాంతి కావాలి. ఆ సమయంలో నత్రజని, నీరు పుష్కలంగా ఇస్తే పూత రావాల్సిన చోట చిగురు తోస్తుంది. "ఎరువు ఎంత వేసినా పూత రావట్లేదు" అని బాధపడేవాళ్ల తోటకు వెళ్తే చెట్లు మహా పచ్చగా కళకళలాడుతుంటాయి! పిందె నిలిచాక పొటాష్, కొద్దిగా నత్రజని ఇస్తే సరిపోతుంది.

అరటిలో గెల బయటికి కనిపించే చాలా ముందే, ఎన్ని హస్తాలు వేయాలో మొక్క లోపల తేలిపోతుంది. నత్రజని ఎక్కువ భాగం ఆలోపే వాయిదాల్లో అందాలి. గెల వేశాక పరుగెత్తుకుంటూ వేస్తే అది పిలకలకే పోతుంది. బొప్పాయి పూత, కాపు ఆపకుండా సాగించే మొక్క కాబట్టి నెలకో రెండు నెలలకో కొంచెం కొంచెంగా వేయడమే.

యూరియా పైన చల్లి వదిలేస్తే ఏమవుతుంది?

నేలలోనూ, ఎండుటాకుల మీదా ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. తడి అంతంతమాత్రంగా ఉండి, ఎండ కాస్తూ, నేల పీహెచ్ (పులుపును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ నేల పులుపు) ఎక్కువగా ఉంటే అందులో మంచి భాగమే గాలిపాలవుతుంది. చల్లిన రోజే తగినంత నీరు పెడితే అది రెండు మూడు అంగుళాలు కిందకి దిగి క్షేమంగా ఉంటుంది. అలాగని కుండపోత ముందు వేస్తే ఇంకా కిందకి వెళ్లిపోతుంది. చిరుజల్లు ముందు వేయండి, తుఫాను ముందు వద్దు.

భాస్వరం ఏటా వేయాలా?

చాలా పాత తోటలకు అక్కర్లేదు. పైన చూశాం కదా, పండు పట్టుకుపోయే భాస్వరం చాలా తక్కువ. నేలలో అది పెద్దగా కదలదు, పేరుకుంటుంది. ఏటా అలవాటుగా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే బస్తా ఎరువు) వేసిన తోటల్లో మిగులు భాస్వరం జింకు, ఇనుము అందకుండా చేస్తుంది, వేర్లకు సాయం చేసే మైకోరైజా శిలీంధ్రాన్నీ తగ్గిస్తుంది. పరీక్షలో ఎక్కువని వస్తే కొన్నేళ్లు ధైర్యంగా ఆపేయొచ్చు.

పొటాష్‌కు మ్యూరేటా, సల్ఫేటా?

మ్యూరేట్ చవక, కానీ అందులో క్లోరైడు ఉంటుంది. అవకాడో, నిమ్మజాతికి క్లోరైడు పడదు, ఆకు కొనలు మాడతాయి. నీరు ఉప్పగా ఉన్నచోటా సల్ఫేటే మేలు. వాన బాగా పడి నేల కడుక్కుపోయే అరటి తోటకు మ్యూరేట్ వేసినా ఇబ్బంది లేదు. ఏదైనా అతిగా వేస్తే మెగ్నీషియం, సున్నం వేర్లకు అందడం తగ్గుతుంది.

పశువుల ఎరువు ఒక్కటే సరిపోతుందా?

బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని దాదాపు 0.5 శాతం. చెట్టుకు 50 కిలోలు వేస్తే 250 గ్రాములు, అంటే అరకిలో పైచిలుకు యూరియాతో సమానం. కానీ అందులో తొలి ఏడాది చెట్టుకు దక్కేది మూడో వంతు వరకే, మిగతాది తర్వాతి ఏళ్లలో నెమ్మదిగా వస్తుంది. ఓ మోస్తరు కాపుకు, అంత ఎరువు దొరికేవాళ్లకు ఇది సరిపోవచ్చు. పెద్ద తోటకు అన్ని బండ్లు ఎక్కడ దొరుకుతాయన్నదే చిక్కు. సగం దీంతో, సగం బస్తాతో నడిపితే నేలా బాగుంటుంది, కాపూ తగ్గదు. అందరికీ కుదిరే దారి నాకు తెలిసి ఇదే.

పచ్చి పేడ వేయొద్దు. అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, కలుపు విత్తనాలు మొలుస్తాయి. రంపపుపొట్టు, ఎండుగడ్డి లాంటివి మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు వాటిని తినడానికి నేలలోని నత్రజనినే వాడుకుంటాయి, చెట్టు కొన్నాళ్లు పస్తుంటుంది. కోళ్ల ఎరువు బలమైనదే గానీ ఉప్పు, భాస్వరం ఎక్కువ. నత్రజని లెక్కకు సరిపడా ఏటా అదే వేస్తే భాస్వరం గుట్టలుగా చేరుతుంది. అన్నట్టు, ఏ ఎరువునైనా కాండానికి ఆనించి పోయొద్దు. బెరడు కుళ్లుతుంది, చెదలు చేరతాయి.

జీవన ఎరువులు, హ్యూమిక్ ద్రావణాలు పనిచేస్తాయా?

భాస్వరం కరిగించే బ్యాక్టీరియా, మైకోరైజా లాంటివి నిస్సారమైన నేలలో, నారుమడిలో కొంత ఉపయోగమే. సేంద్రియ పదార్థం, తడి లేని నేలలో వేస్తే బతకవు. ఎండలో పెట్టిన ప్యాకెట్‌లో అసలే బతకవు. హ్యూమిక్ ద్రావణాల్లాంటి మిగతా సీసాల గురించి నా అభిప్రాయం ఒకటే: లేబుల్ మీద పోషకాల శాతం రాసి లేకపోతే దాన్ని ఎరువు లెక్కలో వేయకండి.

చెట్ల మధ్య ఖాళీని ఏం చేయాలి?

దున్ని నున్నగా పెట్టకండి. జనుము, అలసంద, పిల్లిపెసర లాంటి పప్పుజాతి పైరు చల్లితే గాలిలోని నత్రజనిని వేర్ల బుడిపెల్లో పట్టి ఇస్తుంది, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది. పూతకు రాగానే కోసి చెట్ల కింద పరవాలి. నీటి ఎద్దడి ఉన్న నెలల్లో మాత్రం అదే పైరు చెట్టుతో నీళ్లకు పోటీ పడుతుంది, కాబట్టి వాన కాలానికే పెట్టుకోవడం మంచిది. కొమ్మలెక్కే తీగజాతి అయితే చెట్టు చుట్టూ ఖాళీ ఉంచాలి.

రాలిన ఆకులను, తెగుళ్లు లేని కత్తిరింపు కొమ్మలను తగలబెట్టడం మానేయండి. మంటలో నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. ముక్కలు చేసి పరిస్తే అది ఎరువు, మల్చింగ్ రెండూ.

డ్రిప్‌లో అన్నీ కలిపి వదలొచ్చా?

కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటుతో గానీ, సల్ఫేటుతో గానీ ఒకే ట్యాంకులో కలపొద్దు. తెల్లటి ముద్ద తేలి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అనుమానం ఉంటే గాజు సీసాలో మీ సాగునీటితోనే, వేయబోయే మోతాదులో కలిపి గంటసేపు వదిలేయండి. పాలలా మారినా, అడుగున పొడి కనిపించినా లైన్లలోకి పంపొద్దు.

ముందు వట్టి నీరు, మధ్యలో ఎరువు, చివర 10–15 నిమిషాలు మళ్లీ వట్టి నీరు. ఎరువు వదిలాక గంటల తరబడి నీరు పారించారో, ఆ నైట్రేటు వేర్లు దాటి వెళ్లిపోతుంది. డ్రిప్ పెట్టినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఆకుల మీద పిచికారీ ఎప్పుడు?

జింకు, బోరాన్, ఇనుము లాంటి కొద్ది మోతాదు పోషకాలకు. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, అందులో 2.5 గ్రాముల సున్నం కలిపి చిగురు విచ్చుకున్నాక కొడతారు. బొప్పాయి కాయ గడ్డలు గడ్డలుగా, వంకరగా వచ్చి పాలు కారుతుంటే బోరాన్ కొరత అనుకోవచ్చు. లీటరుకు గ్రాము బోరిక్ యాసిడ్ చాలు. బోరాన్ విషయంలో కొరతకూ, విషానికీ మధ్య గీత చాలా సన్నం, ఇంకో గ్రాము వేద్దామనే సరదా వద్దు. ఉదయం గానీ, సాయంత్రం గానీ కొట్టండి.

ఏటా ఎరువులు వేస్తే నేల పుల్లబడుతుందా?

అమ్మోనియం ఉన్నవాటితో అవును. ఒక కిలో నత్రజనిని అమ్మోనియం సల్ఫేటుగా వేస్తే పుట్టే ఆమ్లాన్ని సరిచేయడానికి 5 కిలోలకు పైగా సున్నపురాయి పొడి కావాలి. యూరియాగా వేస్తే 2 కిలోల లోపే. పీహెచ్ 5.5 కంటే కిందకి దిగితే అల్యూమినియం కరిగి వేరు కొనలను దెబ్బతీస్తుంది. పరీక్ష చూసి సున్నం వేయండి, కానీ యూరియాతో ఒకేసారి మాత్రం కాదు, అమ్మోనియా ఎగిరిపోతుంది. ముందే సున్నం ఎక్కువున్న చౌడు నేలల్లో కథ తిరగబడుతుంది, అక్కడ అమ్మోనియం సల్ఫేటే నయం.

ఎక్కువైతే నష్టమేంటి? చెట్టే వదిలేస్తుంది కదా!

చెట్టు వదిలేసింది ఎక్కడికో ఒకచోటికి పోవాలి. నైట్రేటు భూగర్భ జలంలో చేరుతుంది. తాగేనీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడిసి ముద్దయిన నేలలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 273 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు. తోటలో చూస్తే, నత్రజని ఎక్కువై సున్నం తక్కువైన మామిడిలో కాయ కొన దగ్గర గుజ్జు మెత్తబడుతుంది. లేత చిగురు ఎక్కువైతే రసం పీల్చే పురుగులకు పండగే.

మోతాదు తగ్గిస్తే కాపు పడిపోతుందని టెన్షన్. ఎలా మొదలుపెట్టాలి?

తోటంతా ఒకేసారి తగ్గించకండి. ఒకే వయసు, ఒకే రకం ఉన్న రెండు వరుసలు ఎంచుకుని రంగు గుడ్డ కట్టండి. ఒక వరుసకు పాత మోతాదు, రెండోదానికి నత్రజని, భాస్వరం నాలుగో వంతు తగ్గించి ఇవ్వండి. కోత రోజు రెండు వరుసల కాయనూ విడివిడిగా తూచి, ఏ చెట్టుకు ఎన్ని కిలోలో నోట్‌బుక్‌లో రాయండి. చెట్టు తన కొమ్మల్లో, వేర్లలో దాచుకున్నదానితో ఒక ఏడాది నెట్టుకొస్తుంది, కాబట్టి మొదటి ఏడాది తేడా లేదని సంబరపడొద్దు. మూడు కాపులు చూసి, ఆకు పరీక్ష అంకెలు కూడా నిలకడగా ఉంటే అప్పుడు ఆ మోతాదు మిగతా తోటకు తీసుకెళ్లండి. ఏ ఏడాదైనా రెండో వరుస వెనకబడితే వెంటనే పాత మోతాదుకు మార్చేయొచ్చు, నష్టపోయేది ఒక్క వరుసే.